హీరవ్వ వాకిట్లో జమానత్ మేకలు

హీరవ్వ వాకిట్లో కట్టేసి ఉండే మేకలు హీరవ్వవి కావు. ముద్దాయిలవి.

ఈ సంగతి తెలియనివాళ్లు గాంధారి దాటి ఆ తండాలోకి వచ్చి, ముసలామె బాగానే కూడబెట్టిందే అనుకుంటారు. తెలిసినవాళ్లు మేకను చూసి కేసు చెప్తారు. తెల్లచెవుల మేక అంటే కొట్లాట. కొమ్ము విరిగిన పోతు గుడుంబా. గంప కింద గింజుకుంటున్న పుంజు పేకాట. పేకాటకు మేకను కట్టించుకోవడం అన్యాయం అంటుంది హీరవ్వ. నేరానికి తగ్గ జీవమే ఉండాలట. తాగి బండి నడిపి దొరికినవాడు ఒకసారి పెద్ద పోతును పట్టుకొస్తే, "నువ్వేమన్న మనిషిని సంపినవా?" అని తిట్టి, దాన్ని వెనక్కి పంపి రెండు కోడిపిల్లలు తెప్పించుకుంది.

ఆమె చేసేది జమానత్. మనిషి జైల్లో పడితే, 'ఇతను వాయిదాకు తప్పకుండా వస్తాడు, నాదీ పూచీ' అని కోర్టులో వేలిముద్ర వేయడం. దానికి పట్టా పాసుబుక్కు కావాలి. తండాలో కొందరికి భూమి ఉంది, పాసుబుక్కు లేదు. కొందరికి పాసుబుక్కు ఉంది, కోర్టు గేటు చూస్తే కాళ్లు వణుకుతాయి. పాసుబుక్కూ, వణకని కాళ్లూ రెండూ ఉన్నది హీరవ్వ ఒక్కతికే. అందుకని కొట్టుకున్నవాడూ, కొట్టించుకున్నవాడూ ఇద్దరూ ఆమె దగ్గరికే వస్తారు.

మొట్టమొదటి జమానత్ సొంత మొగుడికే ఇచ్చింది. లింబ్యా తాత గుడుంబా కాస్తూ దొరికాడు. హీరవ్వ విడిపించి తెచ్చింది. తాత ఇంటికొచ్చి, కడుపునిండా తిని, చెరుకు నరికేవాళ్ల లారీ ఎక్కి మహారాష్ట్ర వెళ్లిపోయాడు. వాయిదా రోజు తాత పేరు పిలిస్తే హీరవ్వ వెళ్లి నిలబడాల్సి వచ్చింది. జడ్జి గారు గట్టిగా అరిచి ఉంటే బాగుండేదట. "ఏమ్మా, మీ ఆయన మాట నీకే తెలియదా?" అని మెత్తగా అన్నారట. అది ఆమెకు ఇప్పటికీ మంటే.

తాతకు ఒక మేకపిల్ల మీద ప్రాణం. హీరవ్వకు లేని దుప్పటి దానికి కప్పేవాడు. ఆమె మహారాష్ట్రకు కబురు పంపింది.

"ముసలోడు వాయిదకు రాకుంటే ఆ పొద్దుమీకి పిల్ల కుండల ఉంటది. ఆయన వంతు కూర ఆకుల పెట్టి పక్కకుంచుత అని చెప్పుండ్రి."

తాత చెరుకు లారీ మీద, గడల మధ్య పడుకొని వచ్చాడు. దిగినవాడు పెళ్లాం దగ్గరికి పోలేదు, కోర్టుకూ పోలేదు, ముందు మేకపిల్లను ఎత్తుకున్నాడు. హీరవ్వకు జమానత్ మర్మం ఆరోజు తెలిసింది.

అప్పటినుంచి అదే రివాజు. ముద్దాయి తనకు ప్రాణమైన జీవాన్ని తెచ్చి ఆమె వాకిట్లో కట్టాలి. వాయిదాలన్నీ ముగిశాక, ఇచ్చినప్పటికన్నా బాగా మేపి తిరిగి ఇస్తుంది. రాకపోతే తండా అంతా భోజనం. అలా ఒక్కసారే అయింది. పాపం భీమ్‌సింగ్ రాకుండా పోలేదు, బస్సు చెడిపోయి పొద్దుగూకాక దిగాడు. అప్పటికే కుండ దించేశారు. ఆమె మాట ప్రకారం అతని వంతు ఆకులో పెట్టి ఉంచింది. ఏడుస్తూ తిన్నాడు. ఏడుస్తూనే ఇంకాస్త వేయించుకున్నాడు. ఆ తర్వాత హీరవ్వ తన కానూనుకు ఒక సవరణ చేసింది: జడ్జి బెంచీ దిగేదాకా కత్తి నూరకూడదు.

నాది ఎల్లారెడ్డిలో, కోర్టుకు ఎదురుగా జిరాక్సు దుకాణం. హీరవ్వ పాసుబుక్కును నేను ఎన్నిసార్లు జిరాక్సు తీశానంటే, అందులో ఫోటో ఇప్పుడు ఆమెలా కాక పొగమంచులో నిలబడ్డ గేదెలా వస్తుంది. ఆ మాట ఆమెతో అంటే, "నీ మిషిన్‌కు కండ్లు పోయినయిరా జీవన్‌గా, నా మొగంకేమైంది?" అంటుంది.

పోయిన ఏడు దసరా దగ్గరికొచ్చే రోజుల్లో దేవీసింగ్ లోపల పడ్డాడు. హీరవ్వకు చెల్లెలి మనవడు, కొత్తగా పెళ్లయినవాడు. తాడ్వాయి రైతు గంగారాం బోరు మోటరు పోయింది. అంతకు ముందు రోజే దేవీసింగ్ భుజం మీద మోటరు పెట్టుకొని ఆ దారినే పోయాడు. అది తన పొలం మోటరే. కానీ మోటరు మీద పేరు రాసి ఉండదు కదా. గంగారాం చూశానన్నాడు, కేసు అయింది, దేవీసింగ్‌తో పాటు అతని మోటరు కూడా లోపలికి పోయింది.

చెరుకు లారీ బయలుదేరే రోజు దగ్గర పడుతోంది. చెరుకు నరకడానికి కూలీలను కుదిర్చే ముకద్దం ఒంటరి మనుషులను తీసుకోడు. మొగుడూ పెళ్లామూ జతగా ఉండాలి, ఒకరు నరికితే ఒకరు కట్ట కట్టాలి. దేవీసింగ్ బయటికి రాకపోతే అతని పెళ్లాం సునీలకు కూడా పని లేదు. ఏడాది గింజలు ఆ లారీలోనే ఉన్నాయి.

హీరవ్వ ఎప్పటిలాగే పాసుబుక్కు పట్టుకొని, దేవీసింగ్ పెంచుకునే నల్ల పోతును తాడుతో పట్టుకొని, నేరుగా ఎల్లారెడ్డి వచ్చేసింది. ఆ పోతు పేరు కాళ్యా. గంభీరంగా ఉంటుంది. గడ్డం కూడా ఉండడంతో కోర్టు ఆవరణలో సీనియర్ ప్లీడరులా కనిపించింది.

అయితే ఈసారి ఎప్పటిలా లేదు. తక్కెడ వచ్చింది.

తక్కెడ అంటే కంప్యూటర్లో నడిచే లెక్క. హైదరాబాద్ నుంచి ఒక సంస్థ తెచ్చింది. పాత కేసుల కాగితాలన్నీ దానికి తినిపించారు. బెయిలు మీద వెళ్లినవాళ్లలో ఎవరు వాయిదాకు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది అది చదువుకుంది. ఇప్పుడు కొత్త ముద్దాయి సంగతులు కొడితే, వస్తాడో పారిపోతాడో రంగులో చెప్తుంది. ఆకుపచ్చ అయితే మంచివాడు, ఎరుపు అయితే ఉడాయిస్తాడు. ప్రయోగం మాత్రమే. ఆ కాగితం ఫైలుతో పాటు వెళ్తుంది, చూడాలా వద్దా అన్నది జడ్జి గారిష్టం.

దాన్ని చూసుకునేది కృపారాణి మేడం. కామారెడ్డిలో ఆఫీసు, వారానికోసారి ఎల్లారెడ్డి వచ్చి నా దుకాణంలో కూర్చునేది, నా ప్రింటరు బాగుంటుందని. నేను ఫోన్లో వీడియోలు చూసి కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణని తెలిసి, టైపు కొట్టే పని కూడా నాకే ఇచ్చింది. మంచి మనిషి. లా చదివేటప్పుడు జైలుకు వెళ్లి చూసిందట. ఒకే నేరానికి పట్నం పిల్లగాడు సాయంత్రానికి ఇంట్లో ఉంటే, తండా పిల్లగాడు మూడు వాయిదాలు లోపలే ఉన్నాడట. అది మనసులో పెట్టుకొని ఈ పనిలోకి వచ్చింది.

"ఇది పేరు చూడదు అవ్వా, కులం చూడదు, మొహం చూడదు. అందరికీ ఒకటే తూకం," అని హీరవ్వకు చెప్పింది.

"మొగం సూడకుంటే ఎట్ల తెలుస్తది బిడ్డా, మనిషి ఎసుంటోడో?"

"మొహం చూస్తేనే కదవ్వా అన్యాయం జరుగుతున్నది."

"అది గూడ నిజమే. మా మొగాలు సూసే గదా మొదాలు పట్టుకపోయేది. సరె, అడుగు."

మేడం అడగడం, హీరవ్వ చెప్పడం, నేను కొట్టడం.

"దేవీసింగ్ ఏడాదంతా ఇక్కడే ఉంటాడా?"

"ఎట్లుంటడు? దసరా కాంగనే చెరుకుకు పోతడు, ఉగాదికొస్తడు. ఇంట్ల కూసుండెటోడు కాదు బిడ్డా, కష్టజీవి."

కొట్టాను. తెర మీద చిన్న గీత పసుపు రంగుకు తిరిగింది.

"ఒకే ఇంట్లో ఉంటాడా?"

"ఒక్క ఇల్లేంది? తండల ఒకటి, చెరుకుల ఒకటి, ఎండకాలం పొలంకాడ గుడిసె ఒకటి. మూడిండ్లోడు!" అని హీరవ్వ నా వైపు చూసి, "నీకెన్నున్నయిరా?" అంది. నాకున్నది అద్దె గది.

గీత నారింజ రంగుకు వచ్చింది.

"ఫోన్ నంబరు ఒకటేనా?"

"ఎక్కడి సిమ్ము అక్కడ. దాంట్ల పైసల్లేకుంటే సునీలది. దాంట్ల గూడ లేకుంటే ఎవరిదన్న. తండల ఫోన్ అంటే బాయికాడి బొక్కెన అసుంటిది బిడ్డా, ఎవరికి దూపైతే వాళ్లు ముంచుకుంటరు."

మేడం ముఖంలో ఇబ్బంది కనిపించింది. గొంతు తగ్గించి చివరి ప్రశ్న అడిగింది. "అతనికి తెలిసినవాళ్లలో, బంధువుల్లో, ఎవరి మీదైనా కేసులున్నాయా అవ్వా?"

హీరవ్వ ముఖం వెలిగిపోయింది. ఇంతసేపటికి తన యోగ్యత అడిగే ప్రశ్న వచ్చిందనుకుంది. కొంగు సర్దుకొని, మోకాలి మీద చెయ్యి వేసుకొని మొదలుపెట్టింది.

"ఎవరి మీద లెవ్వో అడుగు! వాని కాక మీద ఉన్నయ్, నేనే ఇడిపించిన. వాని మేనమామ, నేనే ఇడిపించిన. వాని దోస్తులు ఇద్దరు, కొట్లాట, నేనే. భీమ్‌సింగ్, నేనే, ఆయన మేకను తిన్నం గూడ. అంతెందుకు, లింబ్యా, మా ముసలోడు! రాసుకోరా జీవన్, అందరు మనోళ్లే, అందరిని తోల్కొచ్చింది నేనే."

"అవ్వా, చాలు," అన్నాను నేను.

"ఊకో. ఇంకా మద్నూర్ దిక్కు ఇద్దరున్నరు. రాసుకో!"

తక్కెడ ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, తెర నిండా ఎరుపు. 'పారిపోయే అవకాశం: అత్యధికం.' ఈ ప్రయోగం మొదలయ్యాక ఇంత ఎరుపు మేము చూడలేదు.

హీరవ్వ ముందుకు వంగి చూసింది. "ఎర్రగైంది. పెండ్లి రంగు. అయిపోయినట్టేనా?"

నేనూ మేడమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దానితోనే ఆమెకు అర్థమైంది. మేడం నెమ్మదిగా చెప్పింది, పాత కాగితాల్లో చెరుకుకు వెళ్లేవాళ్లు చాలామంది వాయిదాలకు రాలేదనీ, అందుకే తక్కెడ అలా నేర్చుకుందనీ.

"వాళ్లకు జమానత్ ఎవరిచ్చిండ్రు?" అని అడిగింది హీరవ్వ.

"అది కాగితాల్లో ఉంటుంది గానీ, తక్కెడకు ఇవ్వలేదు. పేర్లన్నీ తీసేశాం కదా."

"నా పేరు గూడ?"

"అందరివీ."

హీరవ్వ లేచింది. బయటికి వెళ్లి కాళ్యా పక్కన అరుగు మీద కూర్చుంది. నాకు వినపడేటట్టు, మేకతోనే అంది: "ఈ పోరడు బయటికి రాకుంటే సునీల ఏం దింటది? ఇయ్యాల వీన్ని ఇడువకుంటే, రేపు నా ఏలుముద్ర ఎవ్వడు నమ్మడు. తండల పోరగాండ్లంతా ఇగ లోపలనే."

హీరవ్వ అలా మేకతో మాట్లాడడం నేను చూడలేకపోయాను. చూడలేనప్పుడు నాకు మంచి ఆలోచనలు రావు, కొంటె ఆలోచనలు వస్తాయి. మేడం చాయ్ తాగడానికి వెళ్లింది. నేను తక్కెడలో కొత్త పేజీ తెరిచి ఇంకో ముద్దాయిని ఎక్కించాను. ఒక్క అబద్ధం కొట్టలేదు. పుట్టినప్పటినుంచి ఒకే తండా. మండలం దాటడం ఇదే మొదటిసారి. ఫోను లేదు. తాగుడు లేదు, పేకాట లేదు. కేసులున్న బంధువులు లేరు. వయసు దగ్గర మాత్రం, పద్దెనిమిది దాటకపోతే తీసుకోను అని మొండికేసింది. మేక వయసును మనిషి లెక్కలోకి మార్చి ఇరవై రెండు వేశాను.

తక్కెడ పచ్చబడింది. వరినాటు పొలంలా మిలమిలలాడింది. మేడం వచ్చి చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎవరీ అబ్బాయి? ఇంత మంచి ఫలితం ఎవరికీ రాలేదు. ఇలాంటివాణ్ణి లోపల ఎందుకు పెట్టారు?"

"లోపల లేడు మేడం. బయటే కట్టేసి ఉన్నాడు."

కిటికీలోంచి చూపించాను. కాళ్యా కోచింగ్ సెంటర్ పోస్టరు మీద ర్యాంకు వచ్చిన పిల్ల ఫోటోను చెవి వైపునుంచి నములుతోంది.

మేడానికి కోపం వచ్చింది. "ఇది ఆటనుకున్నావా జీవన్?" అంది. అన్నదే గానీ, మళ్లీ తెర వైపు చూసి, మళ్లీ మేక వైపు చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, ఆఖరికి అడగాల్సిన ప్రశ్న అడిగింది. "అసలు ఈ మేక కోర్టుకెందుకొచ్చింది?"

హీరవ్వను పిలిచాను. ఆమె మొత్తం చెప్పింది. లింబ్యా తాత, దుప్పటి, కుండ, భీమ్‌సింగ్ కన్నీళ్లు. మేడం వింటూ వింటూ నవ్వు ఆపేసింది.

"పేర్లు తీసేస్తే పక్షపాతం పోతుందనుకున్నాం," అంది నాతో మెల్లగా. "హీరవ్వ కూడా పోయింది. ఈమె తీసుకొచ్చినవాళ్లు తక్కెడకు కనపడలేదు, ఈమెకు తెలిసిన ముద్దాయిలు మాత్రం కనపడ్డారు."

"అంటే ఏంది? నన్ను దొంగల ముఠాకు నాయకురాలు అనుకున్నదా అది?" అంది హీరవ్వ.

"ఇంచుమించు," అన్నాను.

హీరవ్వకు కోపం రాలేదు. కొంచెం సంతోషించినట్టే అనిపించింది.

మేడం ఎర్ర కాగితాన్ని దాచలేదు. దాని కింద చేత్తో రాసింది: ఈ లెక్కలో జమానతుదారు సంగతి లేదు, ఆమె తెచ్చినవాళ్లలో ఒకరిద్దరు తప్ప ఎవరూ వాయిదా తప్పలేదు, ఈ కేసులో తక్కెడ మాట మీద ఆధారపడవద్దని నా సలహా. రాసి, సంతకం దగ్గర కాసేపు పెన్ను ఆపింది. వాడు నిజంగా ఉడాయిస్తే ఆ సంతకం ఆమె ఉద్యోగం మీదికే వస్తుంది. అయినా పెట్టింది.

జడ్జి గారు కాగితం ఇటూ అటూ తిప్పి చూశారు. హీరవ్వను బోనులోకి పిలిచారు.

"అమ్మా, ఇతను మహారాష్ట్ర వెళ్తాడు కదా. వాయిదాకు ఎలా తీసుకొస్తావు?"

"నేను తెచ్చుడేంది సార్? వాడే ఉరుక్కుంట వస్తడు. కాళ్యా నా కాడుంటది."

"కాళ్యా ఎవరు?"

హీరవ్వ కిటికీ వైపు చెయ్యి చూపించింది. సరిగ్గా అప్పుడే కాళ్యా "మ్యాఁ" అంది. హాలంతా నవ్వింది. జడ్జి గారు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. బెయిలిచ్చారు. ఇస్తూ, "మేక విషయంలో ఈ కోర్టు ఎలాంటి అభిప్రాయమూ చెప్పడం లేదు," అన్నారు.

దేవీసింగ్, సునీల చెరుకు లారీ ఎక్కారు. వాయిదా సరిగ్గా చెరుకు మంచి ఊపు మీదుండే రోజుల్లో పడింది. కోర్టు ముందర చాయ్ హోటల్లో ప్లీడర్లు రెండు జట్లయ్యారు, తక్కెడ జట్టు, మేక జట్టు.

వాయిదా రోజు హీరవ్వ కాళ్యాను తీసుకొని గాంధారి నుంచి వచ్చింది. కాళ్యా అప్పటికే అందరికీ మేనమామలా బలిసింది. తక్కెడ జట్టు ప్లీడరొకాయన, "ఏమమ్మా, మసాలా గూడ తెచ్చుకున్నవా?" అని ఆటపట్టించాడు.

"మీ ఇంట్ల మిక్సీ ఉన్నది గదా సార్, మీరు నూరుకరాండ్రి. నేను కత్తి గూడ తేలే," అంది హీరవ్వ. నోరు బాగానే ఆడుతోంది గానీ చెయ్యి తాడును చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మేడం నా దుకాణంలో కూర్చొని ప్రతి ఆటోనూ చూస్తోంది. దేవీసింగ్ ఫోను కలవడం లేదు. సునీలది కూడా.

"రాకపోతే?" అంది మేడం.

"రాకపోతే మీరు శాకాహారమా, మాంసాహారమా మేడం?" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకు స్టూలు జరుపుకొని కూర్చున్నాను.

కోర్టు మొదలైంది. ఒక్కొక్క కేసే పిలుస్తున్నారు. బంట్రోతు దేవీసింగ్ పేరు పట్టుకొని గుమ్మం దగ్గరికి వచ్చే వేళకు, బస్టాండు వైపు నుంచి ఒక మనిషి ఉరికొస్తూ కనిపించాడు. చొక్కా నిండా చెరుకు దుమ్ము, చేతుల మీద ఆకు కోసిన గీతలు. రాత్రంతా లారీలో మద్నూర్ దాకా వచ్చి, అక్కడినుంచి దొరికినది దొరికినట్టు ఎక్కి వచ్చాడు. నడుముకు చెరుకు కొడవలి అలాగే ఉంది. గేటు దగ్గర పోలీసాయన నోరు తెరిచేలోపు నేను ఉరికి దాన్ని లాక్కున్నాను.

"యాడీ!" అని అరిచాడు. వాళ్ల భాషలో అమ్మా అని. కానీ పోయి వాటేసుకున్నది మేకను.

"నేను ఈడున్నరా, బాడ్‌కావ్," అంది హీరవ్వ. అని, మొఖం అటు తిప్పుకొని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దేవీసింగ్!"

"ఉన్న సార్!"

జడ్జి గారు తలెత్తి చూశారు. మేడం వైపు చూసి కొంచెం తల ఊపారు. చాయ్ హోటల్లో మేక జట్టు ఈల వేసింది. అంతా అయిపోయిందనుకున్నాం.

"ఫిర్యాది గంగారాం!"

పలుకు లేదు. మళ్లీ పిలిచారు. వరండాలో పిలిచారు. గేటు దాకా వచ్చి పిలిచారు. గంగారాం రాలేదు. ఇంకో తేదీకి వాయిదా పడింది.

దేవీసింగ్ మెట్ల మీద కూలబడ్డాడు. "మల్ల రావాలెనా యాడీ? ముకద్దం ఈపారే తోలనన్నడు. మల్లొకపారి పోత అంటే మా ఇద్దర్ని తీసేస్తడు. రాకుంటే..." అని కాళ్యా వైపు చూశాడు. కాళ్యా అతని చొక్కాకున్న చెరుకు దుమ్ము నాకుతోంది.

నేను ఊరుకోలేక దుకాణంలోకి వెళ్లి గంగారాం సంగతులు తక్కెడలో కొట్టాను. సొంతిల్లు, ఒకటే ఫోను, పుట్టిన ఊరు కదలని మనిషి, బంధువుల్లో ఒక్క కేసు లేదు. నిగనిగలాడే పచ్చ. మేడానికి చూపించాను.

"ఊరు కదలడు అన్నది నిజమే మేడం. కోర్టుకు కూడా కదల్లేదు."

హీరవ్వ తెర చూసి తల పంకించింది. "తప్పు మనదే బిడ్డా. ముద్దాయి కాడ్నే కట్టించుకున్నం. ఫిర్యాది కాడ గూడ ఏదన్న కట్టించుకోవాలెనుండె."

"అవ్వా, ఫిర్యాది దగ్గరికి మనవాళ్లు వెళ్లకూడదు. బెదిరించినట్టవుతుంది," అంది మేడం.

"నేనెందుకు బెదిరిస్త? తాడ్వాయి మీదికెళ్లి పోతుంటే దూపైతది. దూపైతే నీళ్లడుగుత. జీవన్, బండి తియ్యి."

"నేనేమీ వినలేదు," అని మేడం చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

తాడ్వాయిలో గంగారాం ఇంటి అరుగు మీద అతని భార్య భూదవ్వ బీడీలు చుడుతోంది. లోపల టీవీ గట్టిగా మోగుతోంది. హీరవ్వ నీళ్లడిగింది, తాగింది, చెంబు బోర్లించింది, తాను ఎవరో చెప్పింది. టీవీ గొంతు ఠక్కున ఆగిపోయింది.

"మా ఆయన ఇంట్ల లేడు. పొలంకాడికి పోయిండు," అంది భూదవ్వ, చేట మీదినుంచి తలెత్తకుండా.

లోపల ఎవరో దగ్గారు.

"పొలం శానా దగ్గర్నే ఉన్నట్టుంది చెల్లె," అంది హీరవ్వ.

భూదవ్వ చేతిలో బీడీ ఆకు ఆగింది. ఆపైన కట్ట తెగింది. "ఎన్నొద్దులని దాసిపెట్టాలె అక్కా? మోటర్ పోలేదు, ఏం పోలేదు! మా అల్లుడు ఇప్పుకపోయి కామారెడ్డిల రివైండింగ్‌కు ఇచ్చిండు. ఇస్తున్న మామా అని ఫోన్ల చెప్పిండు గూడ. ఈయన టీవీ సూసుకుంట ఆఁ ఆఁ అన్నడు. ఒక్క ముక్క ఇనలే. పొద్దుగాల బోరుకాడ మోటర్ లేకపాయె, పోయి కేసు పెట్టె. తెల్లారి రివైండింగాయన ఫోన్ జేసి మోటర్ అయింది తీస్కపోండ్రి అన్నడు. ఇగ అప్పట్నుంచి ఈయనకు సిగ్గు. కోర్టుల నలుగుట్ల ఎట్ల చెప్పాలె అని మూల సొచ్చిండు."

లోపల దగ్గు కూడా ఆగిపోయింది.

హీరవ్వ తిట్టలేదు. నేను తిట్టబోతే మోచేత్తో పొడిచింది. భూదవ్వ దగ్గరికి జరిగి, తగ్గు గొంతుతో, పెళ్లి సంబంధం గురించి అడిగినట్టు అడిగింది. "ఆయనకు పానమైంది ఏందమ్మా? కోడా, బర్రెనా?"

భూదవ్వ చేట పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్లింది. లోపల "ఏయ్, ఏయ్, అది ఎందుకే!" అని మగ గొంతు వినిపించింది. ఆమె బయటికి వచ్చి హీరవ్వ ఒళ్లో పెట్టింది, టీవీ రిమోటు. సెల్లులు ఊడిపోకుండా వెనక రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"తీస్కపో అక్కా. నాకు గూడ జర సల్లగుంటది."

హీరవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి, "జీవం లేదు గని, ఆయన జీవమంత దీంట్లనే ఉన్నట్టుంది," అని కొంగున ముడేసుకుంది. లోపలి వైపు చూసి గొంతు పెంచింది: "వాయిద కాడికి రా తమ్మీ. ఏమనరు. పొరపాటు ఎవరికైన అయితది. మంచిగ జూసుకుంట, భయపడకు."

నేను వచ్చి మేడానికి చెప్పకూడనిది చెప్పకుండానే చెప్పాను. ఆమె తక్కెడను ఇక్కడ కొన్నాళ్లు ఆపించింది. మళ్లీ కొత్తగా నేర్పిస్తారట. వాయిదా చెరుకు రోజుల్లో పడిందా, కబురు అందిందా, తీసుకొచ్చే మనిషి ఎవరైనా ఉన్నారా, ఇవన్నీ చేర్చాలని పైవాళ్లకు రాసింది. తండాకు వచ్చి హీరవ్వను కూర్చోబెట్టుకొని, ఇంకేమడగాలి అవ్వా అంది. "వానికి దేని మీద పానమో అడుగు. అది తెలుస్తె ఇంకేం అక్కరలేదు," అని హీరవ్వ. మేడం దాన్ని తక్కెడకు ఎలా నేర్పాలా అని ఇంకా తల పట్టుకొనే ఉంది.

తర్వాతి వాయిదా రోజు నేను దుకాణం షట్టరు ఎత్తేసరికే ఒక మనిషి కోర్టు గేటు ముందు తిరుగుతున్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, నిద్రలేని కళ్లు. కోర్టు తెరవలేదు, బంట్రోతు రాలేదు, చాయ్ పొయ్యి కూడా రాజేయలేదు. హీరవ్వ ఆటో దిగగానే ఆ మనిషి గబగబా ఎదురెళ్లాడు.

"నా రిమోట్ ఏది?"

"ముందుగాల జడ్జి సార్‌కు చెప్పు తమ్మీ."

చెప్పాడు. అల్లుడు, ఫోను, ఆఁ ఆఁ, అన్నీ చెప్పాడు. తల వంచుకొనే చెప్పాడు గానీ ఒక్క ముక్క దాచలేదు. జడ్జి గారు అతన్ని గట్టిగానే మందలించారు. మందలించి, ఆ తర్వాత దేవీసింగ్ వైపు తిరిగి, కేసు కొట్టేశారు. దేవీసింగ్ మోటరు దేవీసింగ్‌కు ఇచ్చేయమన్నారు. ముకద్దాన్ని ఎలా ఒప్పించాడో గానీ ఈసారి కూడా వచ్చాడు దేవీసింగ్. బయటికి రాగానే గంగారాం అతని చెయ్యి పట్టుకున్నాడు. దేవీసింగే అన్నాడు: "అయిపోయింది తియ్యి కాకా. నా మేక జూడు, గజం మందమైంది."

నిజమే. హీరవ్వ తాడు అందించబోతే కాళ్యా ఆమె కొంగు వదల్లేదు. నలుగురం తోస్తే గానీ దేవీసింగ్ వైపు కదల్లేదు.

అప్పుడు హీరవ్వ కొంగు ముడి విప్పి రిమోటు తీసింది. గంగారాం రెండు చేతులతో అందుకున్నాడు. కోర్టు వరండాలోనే, గోడ వైపు పెట్టి నొక్కి చూసుకున్నాడు. ముందు కొనన ఎర్ర లైటు ధగధగా వెలిగింది. గంగారాం ఆశ్చర్యంగా దాన్ని తిప్పి చూశాడు. రబ్బరు బ్యాండు పోయి కొత్త మూత వచ్చింది.

"ఇదేంది అక్కా? ఇది రెండేండ్ల సంది కొట్టి కొట్టి నొక్కితే గని పనిజెయ్యలే!"

"ఇచ్చినకాడికన్న మంచిగ చేసి తిరిగియ్యాలె గదా తమ్మీ," అంది హీరవ్వ. "గడ్డి తినలే. సెల్లులు ఏసిన."